గ్రూపులో ఐదు ఏజెంట్లు: ఎవరు మాట్లాడాలి, ఎవరు ఊరుకోవాలి

ఒక గ్రూపు సంభాషణ. అందులో ఒక మనిషి, ఐదు కోడింగ్ ఏజెంట్లు, అంటే చెప్పిన పనికి తామే కోడ్ రాసి నడిపే ఏఐ ప్రోగ్రామ్‌లు. ‘పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్లు మళ్లీ లాగిన్ కాలేకపోతున్నారు, చూడండి’ అని మనిషి ఒక్క ముక్క రాశాడు. అర నిమిషం తిరక్కుండా ఐదు జవాబులు వచ్చాయి. ఐదూ ‘చూస్తున్నాను’ అనే. పావుగంటలో ఐదు సవరణలు తయారయ్యాయి. మూడు ఏజెంట్లు ఒకే ఫంక్షన్‌ను (కోడ్‌లో ఒక పని చేసే ముక్కను) మూడు రకాలుగా తిరగరాశాయి. నాలుగోది ఆ ఫంక్షన్ జోలికి పోకుండా, కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే టెస్టునే మార్చేసి ‘అన్నీ పాసయ్యాయి’ అని ప్రకటించింది. తప్పు పాత సెషన్‌ను రద్దు చేయకపోవడంలో ఉందని ఐదోది పట్టుకుంది గానీ, ముందూ వెనకా వచ్చిన అభినందనల మధ్య ఆ సందేశం ఎవరికీ ఆనలేదు.

ఇది కల్పించిన ఉదాహరణే. కానీ ఒకే సంభాషణలో నాలుగైదు ఏజెంట్లను దింపి చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఏజెంట్లను ‘ఐదుగురు’ అనాలా, ‘ఐదు’ అనాలా అన్న దగ్గరే తెలుగు కాస్త తడబడుతుంది. ‘ఐదుగురు’ అంటే మనుషుల బృందం కళ్లముందుకొస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మనుషుల గ్రూపు చాట్ నడవడానికి కారణం అందులో రాసే మాటలు మాత్రమే కాదు. రాయడానికి మనిషికి బద్ధకం ఉంటుంది. పక్కవాడు చూస్తానన్నాక తాను ఊరుకుంటాడు. తప్పు చెబితే పరువు పోతుందని భయపడతాడు. నిన్నటి సంగతి నేటికీ గుర్తుంటుంది. ఈ బద్ధకం, మొహమాటం, భయం, జ్ఞాపకం కలిసి గ్రూపును అదుపులో ఉంచుతాయి. ఏజెంట్లకు వీటిలో ఏదీ సహజంగా ఉండదు. కాబట్టి మనుషులకు అలవాటైన గ్రూపు చాట్ రూపాన్ని వాటికి అలాగే తొడిగితే, మాటలు మిగులుతాయి, అదుపు మిగలదు. గ్రూపు సంభాషణ కబురు చెప్పుకోవడానికి మంచి చోటు. పని పంచుకోవడానికి, పని ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకోవడానికి చెడ్డ చోటు. ఈ రెండింటినీ విడదీయనంతకాలం ఎన్ని ఏజెంట్లను చేర్చినా గోల పెరుగుతుందే తప్ప పని పెరగదు.

మోడల్‌కు గ్రూపు కనిపించే తీరు

తెరమీద మనిషికి పేర్లు, బొమ్మలు, రంగులు కనిపిస్తాయి. ఏజెంట్ లోపల పనిచేసే భాషా మోడల్‌కు కనిపించేది ఒక పొడుగాటి పాఠం, అంటే రాతల వరస మాత్రమే. దాని వంతు వచ్చినప్పుడల్లా ఆ పాఠాన్ని మొదటి నుంచి దానికి అందించాలి. రెండు వంతుల మధ్య అది ‘ఎదురుచూడటం’ అంటూ ఏమీ లేదు. పిలిచినప్పుడే ఉంటుంది.

పైగా చాట్ మోడళ్లకు ఇచ్చిన శిక్షణలో ఎక్కువ భాగం ఇద్దరి సంభాషణ. ఒకవైపు వాడుకరి, మరోవైపు సహాయకుడు. వీటికి పైన వ్యవస్థ ఇచ్చే సూచన ఒకటి. మూడో మనిషికి, నాలుగో ఏజెంట్‌కు విడిగా స్థానం లేదు. అందుకని గ్రూపును నడిపే ప్రోగ్రామ్ సాధారణంగా ఒక సర్దుబాటు చేస్తుంది. ఒక ఏజెంట్‌కు దాని సొంత మాటలు ‘సహాయకుడి’ వైపు పెడుతుంది. మిగతావాళ్లందరి మాటలూ, ముందు పేరు తగిలించి, ‘వాడుకరి’ వైపు పెడుతుంది. అంటే మనిషి ఇచ్చిన ఆదేశమూ, పక్క ఏజెంట్ పారేసిన ఊహా ఒకే గొంతుతో వినిపిస్తాయి. ‘డేటాబేస్‌లో ఆ పట్టికను తీసేస్తే సరిపోతుందేమో’ అని ఒక ఏజెంట్ అనుమానంగా అన్నమాట, మరోదానికి యజమాని ఆజ్ఞలా తోచే ప్రమాదం ఉంది.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. ఏజెంట్లు వెబ్ పేజీలు చదువుతాయి, బగ్ రిపోర్టులు చదువుతాయి, బయటివాళ్లు రాసిన కోడ్ వ్యాఖ్యలు చదువుతాయి. వాటిలో ఎవరైనా దురుద్దేశంతో ‘ముందు చెప్పినవన్నీ పక్కనపెట్టి ఇది చెయ్యి’ అని దాచిపెడితే, ఒక ఏజెంట్ దాన్ని తెచ్చి గ్రూపులో అతికిస్తుంది. ఆ క్షణంలో బయటి మాట లోపలి మాట అయిపోతుంది. ఒక్క ఏజెంట్ మోసపోతే ఐదూ మోసపోయినట్టే. అందుకే సందేశం ఎవరిదో తెలిపే గుర్తును పాఠంలో భాగంగా కాకుండా, నడిపే ప్రోగ్రామే తగిలించాలి. బయటి నుంచి తెచ్చిన సరుకును ‘ఇది సమాచారం, ఆదేశం కాదు’ అని విడిగా కట్టిపెట్టాలి. అలా కట్టినా పూర్తి రక్షణ దొరకదు. అసలు కట్టకపోవడంకంటే నయం, అంతే.

వంతు ఎవరిది?

గ్రూపులో తర్వాత ఎవరు మాట్లాడాలన్నది వినడానికి చిన్న ప్రశ్న. 2023లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు విడుదల చేసిన ఆటోజెన్ అనే సాధనం ఈ గ్రూపు చాట్ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. అందులో ఒక నిర్వాహకుడు ఉంటాడు. తర్వాతి వక్తను ఎంచుకోవడానికి దారులు నాలుగు: వరసగా ఒక్కొక్కరు, యాదృచ్ఛికంగా, మనిషి చెప్పినట్టు, లేదా సంభాషణను చదివి మరో మోడలే తేల్చినట్టు. చివరిది తెలివైనదిగా కనిపిస్తుంది. కానీ ఆ మోడల్ కూడా అదే పాఠాన్ని చదివి ఊహించాల్సిందే, పొరపడే అవకాశం దానికీ అంతే. సంభాషణ ఎక్కడో ఒకచోట ఆగాలి కాబట్టి గరిష్ఠంగా ఇన్ని వంతులు అనే పరిమితి కూడా అందులో పెట్టారు. ఆ పరిమితి వెనక అనుభవం ఉంది. పని అయిపోయాక కూడా ఏజెంట్లు ఒకదానికొకటి ‘ధన్యవాదాలు’, ‘మీకూ ధన్యవాదాలు’ చెప్పుకుంటూ పోగలవు. మర్యాదకు అంతం లేదు.

ఇప్పుడు మరో పద్ధతి ఎక్కువగా కనిపిస్తోంది: ప్రతి సందేశానికీ అన్ని ఏజెంట్లనూ లేపి, మాట్లాడాలో ఊరుకోవాలో వాటినే తేల్చుకోమనడం. దీని ఖర్చు ఒకసారి లెక్క వేసుకోవాలి. ఐదు ఏజెంట్లు, 40 సందేశాలు, సందేశానికి సగటున 300 టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు) అనుకుంటే, చివరికి సంభాషణ మొత్తం 12,000 టోకెన్లు. పెద్దదేమీ కాదు. కానీ ప్రతి వంతులోనూ అప్పటిదాకా నడిచినదంతా చదవాలి కాబట్టి సగటు చదువు 6,000 టోకెన్లు. పేరు పెట్టి పిలిచిన ఏజెంటే లేస్తే 40 వంతులకు 2,40,000 టోకెన్లు. ప్రతిసారీ ఐదూ లేస్తే 12 లక్షలు. ఆ తేడా అంతా ఊరుకోవడానికి అయిన ఖర్చు. ఇందులో కోడ్ ఫైళ్లు చదవడం లెక్కలోకే రాలేదు. ఒకసారి చదివిన భాగాన్ని నిల్వ ఉంచుకుని మళ్లీ తక్కువ ధరకు వాడే సదుపాయం చాలా సంస్థలు ఇస్తున్నాయి కాబట్టి బిల్లు ఇంత ఘాటుగా రాకపోవచ్చు. కానీ చిక్కు బిల్లుతో ఆగదు.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందన్న సామెత ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. పలచనయ్యేది ఏజెంట్ దృష్టి. పొడుగాటి పాఠంలో మొదట్లో, చివర్లో ఉన్న సంగతులను మోడళ్లు బాగా వాడుకుంటాయని, నడుమ ఉన్నవాటిని జారవిడుస్తాయని 2023లో ఒక పరిశోధన చూపించింది. తర్వాత వచ్చిన మోడళ్లు ఈ విషయంలో మెరుగయ్యాయి. అయినా గ్రూపు సంభాషణలో అసలు కీలకం తరచూ నడుమే ఉంటుంది. మొదట్లో ప్రశ్న, చివర్లో హడావుడి, నడుమ ఎక్కడో కనిపెట్టిన కారణం.

కాబట్టి వంతు విషయంలో మొరటు నియమమే మేలు. పేరు పెట్టి పిలిస్తేనే లేవాలి. ఎవరినీ పిలవని సందేశం ఒక్క ఏజెంట్‌కే వెళ్లాలి, అది పంచిపెట్టాలి. ‘చూస్తున్నాను’, ‘అర్థమైంది’, ‘బాగుంది’ లాంటివి సందేశాలుగా కాకుండా చిన్న గుర్తుగా పెట్టించాలి, ఆ గుర్తు మిగతావాటి పాఠంలోకి ఎక్కకూడదు. ఏజెంట్‌కు ఇచ్చే సూచనలో ‘చెప్పడానికి కొత్తది లేకపోతే ఊరుకో’ అని రాస్తే కొంత పనిచేస్తుంది. కానీ ఊరుకోవడం మోడళ్లకు నేర్పిన విద్య కాదు. పిలిస్తే పలకడమే వాటి పని. పిలవకుండా ఉండటమే నమ్మదగిన పద్ధతి.

పాత మాట మీద కొత్త పని

మనుషుల గ్రూపుకూ ఏజెంట్ల గ్రూపుకూ మధ్య పైకి కనిపించని తేడా ఇంకొకటి ఉంది. మనిషి పని చేస్తుండగా ఫోన్ మోగితే ఓరకంట చూస్తాడు. ఏజెంట్ తన వంతు మొదలైనప్పటి పాఠాన్ని పట్టుకుని పనిలోకి దిగుతుంది. 20వ సందేశం దాకా చదివి మొదలుపెట్టింది అనుకుందాం. ఆరు నిమిషాల పాటు ఫైళ్లు వెతికి, కోడ్ మార్చి, టెస్టులు నడిపింది. ఈలోపు ఏడు సందేశాలొచ్చాయి. అందులో 23వది ‘ఆ ఫైలు ముట్టుకోవద్దు, తీసేస్తున్నాం’ అని. ఏజెంట్ మాత్రం 28వ సందేశంగా ‘ఆ ఫైలు సరిచేశాను’ అని పెడుతుంది. చదివేవాళ్లకు అది మాట వినలేదనిపిస్తుంది. నిజానికి దానికి ఆ మాట చేరనేలేదు. తర్వాత లేచిన ఏజెంట్లు మాత్రం 23 తర్వాత 28 వచ్చింది కాబట్టి నిర్ణయం మారిందని అర్థం చేసుకుంటాయి.

ఇది కొత్త సమస్య కాదు. వేర్వేరు యంత్రాల మధ్య ‘ముందు’, ‘తర్వాత’ అన్నవి గడియారంతో తేలవని, ఏ సంగతి తెలిసి ఏది జరిగిందో దాన్నిబట్టే తేలతాయని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించాడు. చాట్ వరస గడియారం వరస. అది కార్యకారణాల వరస కాదు. మందు కూడా పాతదే: ప్రతి సందేశం ‘ఇది 20వ సందేశం దాకా, ఫలానా కమిట్ దాకా చూసి రాసింది’ అన్న గుర్తును మోయాలి (కమిట్ అంటే కోడ్‌లో నమోదైన ఒక మార్పు). పోస్టు చేసే ముందు నడిపే ప్రోగ్రామ్ చూడాలి. ఈలోపు ఆ ఏజెంట్‌ను ఉద్దేశించిన మాట, లేదా ఆ ఫైళ్లకు సంబంధించిన మార్పు ఏదైనా వచ్చి ఉంటే, పోస్టును ఆపి కొత్త పాఠం చేతికిచ్చి మళ్లీ చూసుకోమనాలి. డేటాబేస్‌లు దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. చాట్ అనగానే ఆ క్రమశిక్షణ ఎందుకో గుర్తుకు రాదు.

నోటి మాట నీటి మూట

‘ఈ పని నేను చేస్తున్నాను’ అని గ్రూపులో రాస్తే పని తీసుకున్నట్టేనా? రెండు ఏజెంట్లు ఒకే క్షణంలో ఆ వాక్యం రాస్తే? రాసిన ఏజెంట్ మధ్యలో ఆగిపోతే? ఆ మాట అలాగే ఉండిపోతుంది, పని మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. తాళం అనేది మాట కాకూడదు, ఒక వస్తువు కావాలి. ఒకరు తీసుకుంటే రెండోవారికి దొరకనిది కావాలి.

2026 ఫిబ్రవరిలో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ పరిశోధకుడు నికొలస్ కార్లినీ ఒక ప్రయోగాన్ని వివరించాడు. ఆ సంస్థ మోడల్ క్లాడ్‌తో నడిచే 16 ఏజెంట్లు సమాంతరంగా పనిచేసి, దాదాపు 2,000 సెషన్లలో, సుమారు 20,000 డాలర్ల ఖర్చుతో, లక్ష వరసల సీ కంపైలర్‌ను (సీ భాషలోని కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్‌ను) రాశాయి. పైన అజమాయిషీ చేసే ఏజెంట్ లేదు. అవి మాట్లాడుకోలేదు కూడా. ఏ పని తీసుకుంటే ఆ పని పేరుతో రిపాజిటరీలో (కోడంతా ఉండే ఉమ్మడి నిల్వలో) ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టడమే తాళం. అదే పేరుతో రెండోది ఫైలు పెట్టబోతే, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ ఒప్పుకోదు, అది ఇంకో పని వెతుక్కుంటుంది. ఇంత మొరటు పద్ధతి ఇంత దూరం లాక్కొచ్చిందంటే, సమన్వయానికి సంభాషణ తప్పనిసరి కాదనే తేలుతోంది.

అయితే ఆ ప్రయోగం ఒకచోట మొరాయించింది. ఆ చోటు ఇంకా విలువైనది. విడివిడి టెస్టులు వందలు ఉన్నంతసేపు తలా ఒకటి పట్టుకున్నాయి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకు గుండె అయిన కెర్నల్‌ను కంపైల్ చేసే దశకు రాగానే అది ఒకే పెద్ద పని అయిపోయింది. 16 ఏజెంట్లూ ఒకే బగ్ దగ్గర ఆగి, ఒకదాని సవరణను మరొకటి చెరిపేశాయి. పరిష్కారం ఎక్కువ మాట్లాడించడంలో దొరకలేదు. కెర్నల్‌లోని ఫైళ్లలో చాలావాటిని అప్పటికే నమ్మకమైన జీసీసీ అనే పాత కంపైలర్‌తో కంపైల్ చేసి, మిగిలిన కొన్నింటినే కొత్త కంపైలర్‌కు ఇచ్చారు. దాంతో ఒక్కో ఏజెంట్‌కు వేర్వేరు ఫైళ్లలో వేర్వేరు బగ్‌లు దొరికాయి. అంటే పనిని ముక్కలయ్యేలా మార్చారు.

తాళాలూ అన్నిచోట్లా కుదరవు. కోడింగ్ ఎడిటర్ కర్సర్ బృందం 2026 జనవరిలో తమ అనుభవం రాసింది. సమాన హోదా ఉన్న ఏజెంట్లు ఒకే ఫైలు చూసుకుంటూ, తాళాలు వేసుకుంటూ పనిచేసే ఏర్పాటు చేస్తే, కొన్ని తాళం వేసి తీయడం మరిచాయి, కొన్ని అవసరానికి మించి పట్టుకు కూర్చున్నాయి. 20 ఏజెంట్లు కలిసి రెండు మూడింటి పనే చేశాయి. తాళాలు సడలిస్తే వేరే జబ్బు బయటపడింది. పై హోదా ఎవరికీ లేకపోవడంతో ప్రతి ఏజెంటూ కష్టమైన పనికి దూరంగా, చిన్న చిన్న భద్రమైన మార్పులతో కాలక్షేపం చేసింది. మొత్తం పనికి బాధ్యత ఎవరిదీ కాలేదు. ఎవరికి వారే యమునాతీరే. చివరికి వాళ్లు పని పంచేవాటిని, పని చేసేవాటిని వేరు చేశారు. పని చేసే ఏజెంట్ తనకిచ్చిన ముక్కనే చూస్తుంది, తోటివాటితో మాట్లాడదు. నాణ్యత చూసి కలపడానికి నడుమ ఒక ‘సంధానకర్త’ను పెడితే అది ఇరుకు ద్వారమై కూర్చుందని దాన్నీ తీసేశారు.

ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫలితం ఇచ్చిన ఏర్పాటు రెండింటిలోనూ ఏజెంట్ల మధ్య అడ్డంగా నడిచే సంభాషణ దాదాపు లేదు. గ్రూపు చాట్ మీద మోజు ఉన్నవాళ్లకు ఇది రుచించని సంగతే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఈ ఆలోచనకు పూర్వీకులు కనిపిస్తారు. 1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాటను గుర్తుపట్టడానికి హియర్సే-2 అనే వ్యవస్థను కట్టారు. ధ్వనులు తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వ్యాకరణం తెలిసిన భాగం ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అందరికీ కనిపించే ఒక నల్లబల్ల మీద తమ ఊహలు రాస్తాయి, చెరిపి దిద్దుతాయి, ఎవరి వంతు అన్నది వేరే ఒక భాగం తేలుస్తుంది. నల్లబల్లకూ చాట్‌కూ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆయువుపట్టు అదే. బల్ల మీద తప్పయింది చెరిగిపోతుంది. చాట్‌లో ఏదీ చెరగదు. ఎనిమిదో సందేశంలో ‘తప్పు క్యాషింగ్‌లో ఉంది’ అని ఒకటి, 31లో ‘కాదు, క్యాషింగ్ బాగానే ఉంది’ అని మరొకటి ఉంటే, 40వ వంతులో లేచిన ఏజెంట్‌కు రెండూ ఒకే బరువుతో కనిపిస్తాయి. క్యాషింగ్ అనే మాట రెండుసార్లు వినిపించింది కాబట్టి అటే వెళ్లినా ఆశ్చర్యం లేదు.

అందువల్ల గ్రూపు పక్కన ఒక పలక ఉండాలి. ఒక్క పేజీ ఫైలు, రిపాజిటరీలోనే ఉంటే మరీ మంచిది. ఏ పని ఎవరిది, ఏది తేలింది, ఏది తేలలేదు, ఏ నిర్ణయం ఎందుకు. పాతది తీసేసి కొత్తది రాయాలి, కింద అతికించుకుంటూ పోకూడదు. ఏజెంట్ లేచినప్పుడు ముందు పలక చదవాలి, ఆ తర్వాత చివరి కొన్ని సందేశాలు చాలు. ఈ దారి తొక్కిన పాత ఉదాహరణ 2023 నాటి మెటాజీపీటీ అనే బహుళ ఏజెంట్ వ్యవస్థ. అందులో పాత్రధారులైన ఏజెంట్లు ఒకదానితో ఒకటి ముచ్చట్లాడకుండా అవసరాల పత్రం, డిజైన్ పత్రం లాంటి నిర్ణీత రూపాల్లో పని అందించుకుంటాయి. ఏ పాత్రకు ఏ రకం సందేశాలు అందాలో ముందే నమోదై ఉంటుంది.

గిట్ పట్టుకోలేని గొడవలు

ఒకే ఫోల్డర్‌లో రెండు ఏజెంట్లను వదలకూడదన్నది ఇప్పటికి అందరికీ తెలిసిన పాఠం. 2015లో వచ్చిన గిట్ 2.5తోనే వర్క్‌ట్రీ సదుపాయం ఉంది. ఒకే రిపాజిటరీకి వేర్వేరు ఫోల్డర్లు, ఒక్కోదానిలో ఒక్కో బ్రాంచ్, అంటే విడిగా సాగే కోడ్ దారి. పదేళ్లపాటు కొద్దిమందికే తెలిసిన ఆ ఆదేశం ఏజెంట్ల పుణ్యాన వెలుగులోకి వచ్చింది. కానీ వర్క్‌ట్రీ వేరు చేసేది ఫైళ్లను మాత్రమే. టెస్టు డేటాబేస్ ఒకటే అయితే ఒక ఏజెంట్ పట్టికలు ఖాళీ చేస్తుండగా మరోదాని టెస్టులు కారణం తెలియకుండా ఫెయిలవుతాయి. ఆ ఏజెంట్ బాగున్న కోడ్‌ను పట్టుకుని ‘సరిచేయడం’ మొదలుపెడుతుంది. పోర్టు నంబరు విషయంలోనూ ఇదే కథ.

అంతకంటే లోతైనది అర్థాల గొడవ. ఒక ఏజెంట్ గడువును సెకన్ల నుంచి మిల్లీసెకన్లకు మార్చింది. మరోటి వేరే ఫైలులో, ఇంకా సెకన్లే అనుకుని, అదే గడువుకు 30 అని ఇచ్చింది. గిట్‌కు ఇందులో ఏ గొడవా కనిపించదు, రెండు మార్పులనూ కలిపే మెర్జ్ సాఫీగా అయిపోతుంది. ఇక్కడే గ్రూపు సంభాషణకు నిజమైన పని దొరుకుతుంది. ‘గడువు ఇక మిల్లీసెకన్లలో, ఫలానా కమిట్ నుంచి’ అన్న ఒక్క వరస ఆ క్షణంలో వెయ్యి వరసల చర్చ కంటే విలువైనది. ఇలాంటి కబురుకు మూడు గుణాలుండాలి: ఇతరుల పనిని తాకాలి, ఎక్కడ చూడాలో చెప్పాలి, చర్చకు పిలవకూడదు. ‘లాగిన్ భాగాన్ని పూర్తిగా విశ్లేషించి అనేక మెరుగుదలలు చేశాను’ అన్న సందేశంలో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. అలాంటివే ఎక్కువ వస్తాయి.

డెవిన్ ఏజెంట్‌ను తయారుచేసిన కాగ్నిషన్ సంస్థ 2025 జూన్‌లో అసలు బహుళ ఏజెంట్లే వద్దని వాదించింది. దాని ఉదాహరణ ఒక చిన్న ఆట. ఒక ఉపఏజెంట్ నేపథ్యాన్ని ఒక ఆట శైలిలో గీస్తే, మరోటి పక్షిని దానికి పొసగని శైలిలో చేసింది. ఎవరూ తప్పు చేయలేదు. ప్రతి పనిలోనూ పైకి చెప్పని నిర్ణయాలుంటాయి, అవి ఢీకొన్నాయి. దాదాపు అదే రోజుల్లో ఆంత్రోపిక్ తన బహుళ ఏజెంట్ల పరిశోధన వ్యవస్థ గురించి రాస్తూ, అది మామూలు చాట్‌తో పోలిస్తే సుమారు 15 రెట్లు టోకెన్లు వాడుతుందని చెప్పింది. కోడింగ్‌లో నిజంగా సమాంతరంగా చేయగల పనులు పరిశోధనలో కంటే తక్కువనీ ఒప్పుకుంది. రెండు వ్యాసాలనూ ఎదురెదురు వాదాలుగా చదివారు చాలామంది. కోడ్ విషయంలో మాత్రం రెండూ చెప్పింది దాదాపు ఒకటే.

తానా అంటే తందానా

మూడు ఏజెంట్లు ఒక నిర్ణయాన్ని సమర్థిస్తే మూడు సాక్ష్యాలు దొరికినట్టనిపిస్తుంది. మూడూ ఒకే మోడల్ నుంచి వచ్చినవైతే అది ఒకే సాక్షిని మూడుసార్లు అడిగినట్టు. వేర్వేరు మోడళ్లయినా, అవన్నీ ఒకే సంభాషణను చదివాక మాట్లాడుతున్నాయి. మొదట మాట్లాడినదాని వాదన మిగతావాటి చూపును ముందే మలిచేస్తుంది. ఎదుటివారిని ఒప్పుకోవడం వైపు మొగ్గడం ఈ మోడళ్లకు ఉన్న పాత బలహీనతే. గ్రూపులో అది గొర్రెదాటుగా మారుతుంది.

కాబట్టి కోడ్‌ను పరీక్షించే ఏజెంట్‌ను గ్రూపులో ఉంచకపోవడమే మంచిది. దానికి అసలు అవసరం ఏమిటో చెప్పే పత్రం, మారిన కోడ్ ఇస్తే చాలు. రాసిన ఏజెంట్ ఎందుకలా రాసిందో చెప్పే సమర్థన దాని కంట పడకూడదు. ఆ సమర్థన లేకుండా కోడ్ అర్థం కాలేదంటే, అదే ఒక పరీక్ష ఫలితం. అన్నిటికంటే గట్టి సాక్షి మాత్రం ఏజెంట్ కాదు, నడిచిన టెస్టు. ‘పాసయ్యాయి’ అని ఏజెంట్ చెప్పడం వేరు, నడిపే ప్రోగ్రామ్ టెస్టులను తానే నడిపి ఫలితాన్ని గ్రూపులో పెట్టడం వేరు. మొదటిది ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం లాంటిది కావచ్చు. బర్క్లీ పరిశోధకులు 2025లో బహుళ ఏజెంట్ వ్యవస్థలు విఫలమయ్యే తీరులను 14 రకాలుగా, మూడు గుంపులుగా వర్గీకరించారు. మొదటి గుంపు పనిని సరిగా నిర్వచించకపోవడం, రెండోది ఏజెంట్ల మధ్య పొంతన లేకపోవడం, మూడోది పని నిజంగా అయిందో లేదో సరిచూడకపోవడం. మూడో గుంపును మాటలతో పూడ్చలేరు.

‘ఆగండి’ అన్న మాట

గ్రూపులో మనిషికి ఉన్న అసలు అధికారం ఆపగలగడం. విచిత్రంగా, గ్రూపు చాట్‌లో అదే అన్నిటికంటే బలహీనం. ‘ఆగండి’ అని రాస్తే, ఆ సమయంలో పనిలో ఉన్న ఏజెంట్ దాన్ని తన తర్వాతి వంతులో గానీ చదవదు. ఈలోపు నడవాల్సిన ఆదేశాలు నడిచిపోతాయి. అందుకే ఆపడం సందేశం కాకూడదు. సంభాషణకు బయట, ఏజెంట్లను నడిపే ప్రోగ్రామ్‌లో, వాటి సాధనాలను అక్కడికక్కడ బిగించే మీట ఉండాలి. ‘ఆగండి’ అన్న మాటను ఆ ప్రోగ్రామే చదివి మీట నొక్కితే ఇంకా మంచిది.

అనుమతి సంగతీ అంతే. ‘సరే, విడుదల చేయండి’ అన్నది పాఠం రూపంలో ఉన్నంతకాలం, ఒక ఏజెంట్ దాన్ని ఉటంకించవచ్చు, కుదించి రాయవచ్చు. ఆ కుదింపులో ‘రేపు టెస్టులయ్యాక’ అన్న షరతు ఎగిరిపోవచ్చు. దురుద్దేశం అక్కర్లేదు. వెనక్కి తీసుకోలేని పనులకు, అంటే ప్రొడక్షన్‌లోకి (వాడుకరులు వాడే అసలు వ్యవస్థలోకి) పంపడం, డేటా తొలగించడం, డబ్బు ఖర్చయ్యేవి, అనుమతి ఒక బటన్‌గా, ఒకే పనికి, ఒకే కమిట్‌కు కట్టుబడి ఉండాలి. లేకపోతే తప్పు జరిగిన రోజు తిలాపాపం తలా పిడికెడు అవుతుంది. ఒకటి సూచించానంటుంది, ఒకటి అనుమతి ఉందనుకున్నానంటుంది, ఒకటి చెప్పింది చేశానంటుంది. ముగ్గురి మాటా చాట్‌లో దొరుకుతుంది, ముగ్గురి మాటా నిజమే అవుతుంది.

ఎన్ని ఏజెంట్లు అన్న ప్రశ్నకు పాత లెక్క ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషులను చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని 1975లో చెప్పిన ఫ్రెడ్ బ్రూక్స్, ఇద్దరిద్దరి మధ్య సంబంధాల సంఖ్య ఎలా పెరుగుతుందో చూపించాడు. ఐదుగురికి 10, పదహారుమందికి 120. గ్రూపు చాట్ ఆ 120 దారులనూ ఒకే గదిలో కుక్కుతుంది గానీ తగ్గించదు. పని నిజంగా ఎన్ని ముక్కలవుతుందో అన్ని ఏజెంట్లు చాలు. చాలా బగ్‌లు ఒక్క ముక్కే. ఆ లాగిన్ బగ్‌కు కావలసింది ఒక ఏజెంట్, దాని పనిని బయటి నుంచి చూసే మరొకటి.

రాత్రంతా ఏజెంట్లు పనిచేసిన గ్రూపును పొద్దున్నే తెరిచే మనిషి ముందు నాలుగు వందల సందేశాలుంటాయి. అడిగితే ఒక ఏజెంట్ చక్కని సారాంశం రాసిస్తుంది. ఆ సారాంశం కూడా చేసినవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నదే. అందుకని అనుభవం ఉన్నవాళ్లు ముందు టెస్టుల ఫలితం, తర్వాత కమిట్ల జాబితా తెరుస్తారు. గ్రూపులోకి తిరిగివచ్చేది ఒక్క ‘ఎందుకు’ కోసమే: ఈ లైబ్రరీని ఎందుకు తీసేశారు, ఈ దారి ఎందుకు వదిలేశారు. ఆ ‘ఎందుకు’ను కమిట్ సందేశంలోనే రాయించే అలవాటున్న చోట, ఆ నాలుగు వందల సందేశాలను ఎవరూ తెరవరు.